పసిపిల్లల వినికిడి యంత్రాలు

వినికిడి తగ్గిన పసిపిల్లలకు చుట్టూ ఉన్నవాళ్ల మాటలు వినపడేలా శబ్దాన్ని పెంచి చెవిలోకి పంపే చిన్న ఎలక్ట్రానిక్ పరికరాలను వినికిడి యంత్రాలు అంటారు. పుస్తకాల్లో వీటిని శ్రవణ యంత్రాలనీ, ఇళ్లలో చెవి మిషన్లనీ అంటారు. పెద్దవాళ్లు పెట్టుకునేవీ ఇవే అయినా, పసిపిల్లల విషయానికొచ్చేసరికి ఎంపిక, అమరిక, వాడకం అన్నీ మారిపోతాయి. డెబ్బై ఏళ్ల పెద్దాయనకు సగం మాట వినపడితే మిగతా సగాన్ని తనకొచ్చిన భాషతో పూరించుకుంటాడు. మిషన్ సరిగా పనిచేయకపోతే ఆ సంగతి ఆయనే చెబుతాడు. పది నెలల పిల్లకు ఇంకా భాషే రాలేదు. వినపడే మాటల్లోంచే అది రావాలి, ఆ మాటలు ఈ మిషన్ ద్వారానే చెవిన పడాలి. చప్పుడు మరీ ఎక్కువైందనో చాలడం లేదనో చెప్పడానికి తన దగ్గర మాటలు లేవు. అందుకే పసిపిల్లలకు మిషన్ పెట్టడం ఒక్కసారి దుకాణానికి వెళ్లొస్తే తేలే పని కాదు. పరీక్షలు, కొలతలు, చెవి అచ్చులు, మళ్లీ పరీక్షలు, ఇంట్లో రోజూ పడే శ్రమ, ఇన్ని కలిస్తేనే ఫలితం కనిపిస్తుంది.

పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఒకరి నుంచి ముగ్గురికి శాశ్వత వినికిడి లోపం ఉంటుందని అంచనా. ప్రపంచవ్యాప్తంగా 3.4 కోట్ల మంది పిల్లలకు జీవితాన్ని ఇబ్బందిపెట్టేంత లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పిల్లల్లో వచ్చే లోపాల్లో దాదాపు 60 శాతం నివారించగలిగినవేనని కూడా ఆ సంస్థ చెబుతోంది.

లోపం ఎందుకు వస్తుంది

కడుపుతో ఉన్నప్పుడు తల్లికి సోకే రుబెల్లా, సైటోమెగాలో వైరస్, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టగానే వచ్చే తీవ్రమైన పచ్చకామెర్లు, మెదడువాపు జ్వరాలు, జెంటామైసిన్ వంటి కొన్ని మందులు ముఖ్య కారణాలు. గవదబిళ్లల వల్ల ఒక చెవి వినికిడి పోవచ్చు. జన్యువుల వల్ల వచ్చే లోపాల్లో కనెక్సిన్ 26 అనే ప్రొటీన్‌కు సంబంధించినవి ఎక్కువ. తల్లిదండ్రులిద్దరికీ చక్కగా వినపడుతున్నా, ఇద్దరిలోనూ లోపమున్న జన్యువు ఒక్కో ప్రతి ఉంటే బిడ్డకు రెండూ చేరి వినికిడి పోవచ్చు. మేనరికాల్లో ఇలా జరిగే అవకాశం ఎక్కువ. మేనరికాలు మామూలైన తెలుగు నేలలో ఈ మాట దాచకుండా చెప్పుకోవాలి. అయితే బిడ్డకు వినికిడి తగ్గిందని తెలిసిన రోజున ఇంట్లో జరిగే నిందల పంచాయతీ వల్ల, ముఖ్యంగా తల్లి మీద పడే మాటల వల్ల, బిడ్డకు ఒరిగేదేమీ లేదు.

రుబెల్లాకూ చెవుడుకూ ఉన్న లంకె ఆస్ట్రేలియాలో బయటపడింది. తల్లికి రుబెల్లా సోకితే పుట్టే పిల్లలకు కంటిలో శుక్లాలు వస్తున్నాయని సిడ్నీ నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్ 1941లో ప్రకటించాడు. ఆ పిల్లల్లో చాలామందికి వినపడదనీ ఆ తర్వాత తేలింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులతో పాటు ఆ పిల్లల కోసం కూడా ఆ దేశం 1940ల్లోనే ప్రభుత్వ సేవను ఏర్పాటు చేసుకుంది. నేటికీ అక్కడి పిల్లలకు మిషన్లు, అమరిక ప్రభుత్వ ఖర్చుతోనే అందుతున్నాయి. భారతదేశంలో తట్టు, రుబెల్లాలకు కలిపి వేసే టీకా 2017లో మొదలైంది.

ఆలస్యం ఎక్కడ జరుగుతుంది

అమెరికాలోని కొలరాడోలో క్రిస్టీన్ యోషినాగా ఇటానో బృందం 1998లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో మైలురాయి. ఆరు నెలల లోపే లోపం బయటపడి సాయం అందిన పిల్లలు, ఆ తర్వాత బయటపడిన పిల్లల కన్నా భాషలో బాగా ముందున్నారని అది తేల్చింది. ఇప్పుడు వినికిడి నిపుణులైన ఆడియాలజిస్టులు పాటించే సూత్రం సులువుగా గుర్తుంటుంది: ఒకటో నెల నిండేలోగా ప్రాథమిక పరీక్ష, మూడో నెల నిండేలోగా నిర్ధారణ, ఆరో నెల నిండేలోగా మిషన్, శిక్షణ.

మన ఇళ్లలో ఈ నెలలు ఎలా జారిపోతాయో చూడాలి. వినపడని పిల్లలు కూడా మొదటి నెలల్లో ఊ కొడతారు, కేరింతలు కొడతారు. వెనకనుంచి కంచం మోగించి చూస్తే కొంతమంది తల తిప్పుతారు. పెద్ద చప్పుడు కొంత వినపడవచ్చు, నేల అదురుకో, కదిలిన నీడకో తిరిగి ఉండవచ్చు. తలుపు దబ్బుమంటే ఉలిక్కిపడ్డంత మాత్రాన ‘స’, ‘త’, ‘క’ అనే శబ్దాలు చెవిన పడుతున్నాయని అర్థం కాదు. ఏడాది దాటినా మాట రాకపోతే ‘వాళ్ల నాన్నకూ మూడేళ్లకు గానీ మాటలు రాలేదు, మగపిల్లలకు ఆలస్యమేలే’ అని ఇంట్లో పెద్దవాళ్లు ధైర్యం చెబుతారు. ఆ ధైర్యం ప్రేమతో చెప్పినదే. అయినా మాట ఆలస్యమైన ప్రతి బిడ్డకూ ముందుగా చేయించాల్సింది వినికిడి పరీక్ష.

పరీక్షలు

మొదటిది ఓఏఈ. చెవిలోకి చిన్న శబ్దం పంపితే, ఆరోగ్యంగా ఉన్న లోపలి చెవి బదులుగా అతి సన్నని శబ్దాన్ని వెనక్కి పంపుతుంది. లండన్‌కు చెందిన డేవిడ్ కెంప్ 1978లో దీన్ని కనిపెట్టాడు. నిద్రపోతున్న బిడ్డకు నిమిషాల్లో చేసే పరీక్ష ఇది. రెండోది బేరా. తలకు చిన్న ఎలక్ట్రోడ్లు అంటించి, శబ్దానికి వినికిడి నరం, మెదడు కాండం ఎలా స్పందిస్తున్నాయో నమోదు చేస్తారు. బిడ్డ కదలకూడదు కాబట్టి నిద్రలో గానీ, డాక్టర్ పర్యవేక్షణలో మత్తు సిరప్ పట్టించి గానీ చేస్తారు. ఐసీయూలో ఉండి వచ్చిన పిల్లలకు ఓఏఈ ఒక్కటే సరిపోదు. లోపలి చెవి బాగానే ఉండి, నరం గుండా సంకేతం సరిగా వెళ్లని ఆడిటరీ న్యూరోపతి అనే స్థితి ఉంటే, ఓఏఈలో అంతా బాగున్నట్టే వస్తుంది.

ఇక్కడ తల్లిదండ్రులు అడిగి తీరాల్సిన విషయం ఒకటుంది. మన ఊళ్లలో చాలా బేరా రిపోర్టులు ‘క్లిక్’ అనే ఒకే రకం శబ్దంతో చేసినవి. అది ప్రధానంగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ దాకా ఉండే ప్రాంతం గురించే చెబుతుంది. ‘90 డెసిబెల్ వద్ద స్పందన లేదు’ అన్న ఒక్క వాక్యంతో బిడ్డకు ఏమీ వినపడదని ఇంట్లో నిర్ణయించుకుంటారు. నిజానికి తక్కువ పౌనఃపున్యాల్లో కొంత వినికిడి మిగిలి ఉండవచ్చు. మిషన్‌ను సరిగా అమర్చాలంటే 500, 1000, 2000, 4000 హెర్ట్జ్‌ల వద్ద ఒక్కో చెవికి విడివిడిగా కొలత కావాలి. టోన్‌బర్స్ట్ బేరా గానీ, ఏఎస్ఎస్ఆర్ అనే మరో పరీక్ష గానీ ఆ కొలత ఇస్తాయి. మధ్య చెవిలో నీరు చేరిందేమో చూడటానికి టింపనోమెట్రీ చేస్తారు.

ఆరు నెలలు దాటి మెడ నిలబెట్టి కూర్చోగలిగిన పిల్లలకు మరో పరీక్ష ఉంది. శబ్దం వచ్చిన వైపు తల తిప్పితే అక్కడ బొమ్మ వెలిగి ఆడుతుంది. మూడేళ్ల ప్రాంతంలో ఆట పరీక్ష: శబ్దం వినపడినప్పుడల్లా ఒక గోళీని డబ్బాలో వేయడం. యంత్రాలు చెప్పిన కొలతలను బిడ్డ ప్రవర్తనతో సరిచూసుకునే పరీక్షలివి. మొదటి రెండేళ్లలో మూడు నెలలకోసారి ఇలా చూపించుకోవడం మంచిది. వినికిడి ఇంకా తగ్గుతోందేమో కూడా అప్పుడే తెలుస్తుంది. ప్రతి రిపోర్టు కాపీ ఇంట్లో ఒక ఫైలులో ఉండాలి.

ఏ మిషన్

వినికిడి యంత్రంలో మైకు, వచ్చిన శబ్దాన్ని సరిచేసి పెంచే చిప్, దాన్ని చెవిలోకి వదిలే చిన్న స్పీకరు, బ్యాటరీ ఉంటాయి. ఇరవయ్యో శతాబ్ది మొదట్లో వచ్చినవి కార్బన్ మైకులతో పనిచేసేవి. తర్వాత వాక్యూమ్ ట్యూబులు, 1950ల మొదట్లో ట్రాన్సిస్టర్లు వచ్చాయి. 1996 నుంచి పూర్తి డిజిటల్ యంత్రాలు బజారులోకి దిగాయి. జేబులో డబ్బా, దాన్నుంచి చెవి దాకా తీగ ఉండే పాకెట్ మోడల్ మన దగ్గర చాలాకాలం పంపిణీ అయింది. మైకు ఛాతీ మీద ఉంటుంది కాబట్టి బట్టల రాపిడి చప్పుడంతా బిడ్డ చెవిలోకే పోయేది. ఇప్పుడు పసిపిల్లలకు అది తగినది కాదు.

పసిపిల్లలకు సరైనది చెవి వెనక పెట్టే రకం, అంటే బీటీఈ. చెవిలో కనపడకుండా దాగిపోయే చిన్న రకాలు కావాలని చాలామంది తల్లిదండ్రులు అడుగుతారు. బిడ్డను లోకం ఎలా చూస్తుందోనన్న బాధ దాని వెనక ఉంది. కానీ పిల్లల చెవి నాళం నెలనెలా పెరుగుతుంది. బీటీఈలో అయితే మిషన్ అదే ఉంచి, చెవిలో కూర్చునే మెత్తటి సిలికాన్ అచ్చును మాత్రం మారిస్తే చాలు. మొదటి ఏడాదిలో ఒకటి రెండు నెలలకే అచ్చు వదులైపోవచ్చు. వదులైందన్న గుర్తు చెవిలోంచి వచ్చే కూత: పెంచిన శబ్దం బయటికి కారి మళ్లీ మైకులో పడటం వల్ల వస్తుంది. అలాంటప్పుడు సౌండు తగ్గించేస్తే బిడ్డకు మాట అందదు. చేయించాల్సింది కొత్త అచ్చు. అచ్చు కొలత తీసేటప్పుడు దారం కట్టిన చిన్న దూది బిళ్లను ముందుగా చెవి లోపలికి పెడతారు, మెత్తటి ముద్ద కర్ణభేరి దాకా పోకుండా. తర్వాత ఆ ముద్దను నింపి, గట్టిపడ్డాక తీస్తారు. కాసేపటి పని, బిడ్డను ఒళ్లో గట్టిగా పట్టుకుని పాట పాడే మనిషి పక్కన ఉంటే చాలు.

రెండు చెవులకూ లోపం ఉంటే రెండు మిషన్లు కావాలి. ‘ముందు ఒకటి కొందాం, పనిచేస్తే రెండోది చూద్దాం’ అన్న ఆలోచన డబ్బు ఇబ్బందిలోంచి వచ్చేదే. కానీ శబ్దం ఎటునుంచి వస్తోందో తెలియడానికీ, గోలలో మాటను పోల్చుకోవడానికీ మెదడుకు రెండు చెవులూ కావాలి. డబ్బు పరిమితమైతే ఒక చెవికి ఖరీదైనది పెట్టడం కన్నా రెండు చెవులకూ మధ్యరకం పెట్టడం మేలు.

దుకాణాల్లో చానెళ్ల లెక్కతో అమ్ముతారు: నాలుగు, ఎనిమిది, పదహారు. ఎన్ని చానెళ్లయితే అంత గొప్ప అన్నట్టు చెబుతారు. పసిపిల్లకు చానెళ్ల సంఖ్య కన్నా ముఖ్యమైనవి వేరే ఉన్నాయి. బిడ్డ లోపానికి సరిపడా బలం ఉందా, రేపు లోపం పెరిగితే ఇంకా పెంచే వీలుందా, ఎంత పెద్ద చప్పుడొచ్చినా ఒక హద్దు దాటకుండా ఆపుతుందా, 4000 హెర్ట్జ్ పైన ఉండే ‘స’ వంటి సన్నని శబ్దాలను అందిస్తుందా, బడికి వెళ్లే వయసులో టీచరు మైకుతో కలపొచ్చా, చెమటను, దుమ్మును తట్టుకుంటుందా, రిపేరు మన ఊళ్లో గానీ దగ్గర పట్టణంలో గానీ జరుగుతుందా. ఇవి ఉన్న మధ్యరకం మిషన్, ఇవి చూసుకోకుండా లక్షలు పోసి కొన్న మిషన్ కన్నా బిడ్డకు ఎక్కువ మేలు చేస్తుంది. ఆన్‌లైన్‌లో వందల రూపాయలకు దొరికే సౌండ్ యాంప్లిఫయర్లు పిల్లల చెవికి పెట్టకూడదు. వాటికి హద్దు లేదు, చెవి కొలతతో సంబంధమూ లేదు.

బ్యాటరీ తలుపుకు తాళం ఉండటం తప్పనిసరి. పిల్లల చేతికి అందినదల్లా నోట్లోకే పోతుంది. బటన్ బ్యాటరీ మింగితే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. మిషన్లలో వాడే జింక్ ఎయిర్ బ్యాటరీలకు రంగు స్టిక్కరు ఉంటుంది: 312 సైజుకు గోధుమ రంగు, 13కు నారింజ, 675కు నీలం. స్టిక్కరు తీశాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి అప్పుడు పెట్టాలి. చార్జింగ్ రకాల్లో ఈ బెడద తక్కువే గానీ, కరెంటు గంటల తరబడి పోయే ఊళ్లలో ముందే ఆలోచించుకోవాలి.

కొలతతో అమరిక

మిషన్ ఎంత మంచిదైనా, బిడ్డ చెవికి దాన్ని అమర్చిన పద్ధతి సరిగా లేకపోతే కొన్న డబ్బు వృథా. అమ్మకాల మోజులో బాగా మరుగున పడే విషయం ఇదే. పసిపిల్ల చెవి నాళం చాలా చిన్నది. పెద్దవాళ్ల చెవిలో ఒక స్థాయిలో వినపడే శబ్దమే పసిచెవిలో 10 డెసిబెల్‌కు పైగా పెరిగిపోవచ్చు. ఇది లెక్కలోకి తీసుకోకుండా కంప్యూటరు ఇచ్చిన మొదటి సెట్టింగుతో పంపించేస్తే కొందరికి చెవి హోరెత్తుతుంది. భయపడి తగ్గించేస్తే మాట అందదు.

దీనికి ఆర్ఈసీడీ అనే కొలత ఉంది. సన్నని గొట్టాన్ని చెవిలో పెట్టి, బిడ్డ సొంత చెవి శబ్దాన్ని ఎంత పెంచుతుందో చూస్తారు. ఆ తేడాను పరికరంలో వేసుకుని, బిడ్డను ఇంకా కదిలించకుండా, టెస్ట్ బాక్సులోనే మిషన్‌ను సరిచేస్తారు. ఏ లోపానికి ఎంత పెంచాలో చెప్పే సూత్రాలు రెండు ప్రసిద్ధం: కెనడాలో రిచర్డ్ సీవాల్డ్ బృందం పిల్లల కోసమే తయారుచేసిన డీఎస్ఎల్, ఆస్ట్రేలియా నేషనల్ ఎకౌస్టిక్ లేబొరేటరీస్ ఇచ్చిన ఎన్ఏఎల్. ఆడియాలజిస్టును అడగాల్సిన ప్రశ్న ఇది: ‘మా పాప చెవి కొలత తీసి, మెల్లగా మాట్లాడినా వినపడుతోందని పరికరంలో చూపిస్తారా?’ దానికి గ్రాఫు తీసి చూపించే చోటు సరైన చోటు. భారత పునరావాస మండలిలో నమోదైన ఆడియాలజిస్టేనా అని చూసుకోవడం కూడా తల్లిదండ్రుల హక్కు.

ఇంట్లో

మిషన్ మెలకువగా ఉన్నంతసేపూ చెవికి ఉండాలి. అమెరికాలో 2015లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, రోజుకు పది గంటలకు పైగా పెట్టుకున్న పిల్లల్లో భాష బాగా ఎదిగినట్టు తేలింది. ఎన్ని గంటలు వాడారో మిషనే నమోదు చేసుకుంటుంది. మొదటి వారాల్లో పిల్లలు లాగి పారేస్తారు, అచ్చును నమిలేస్తారు. పాలు తాగేటప్పుడు, ఆడేటప్పుడు పెట్టి మెల్లగా సమయం పెంచుకుంటూ పోవాలి. చొక్కాకు కట్టే దారం క్లిప్పు, పలచటి టోపీ పనికొస్తాయి. ఎప్పుడూ లాగేస్తూనే ఉంటే అది పిల్ల మంకుతనమని వదిలేయకూడదు: అచ్చు నొప్పిపెడుతోందేమో, శబ్దం ఎక్కువైందేమో చూపించాలి.

మన ఇళ్ల స్నానం పద్ధతి మిషన్లకు గిట్టదు. నూనె మర్దన, నలుగు, తలారా నీళ్లు, సాంబ్రాణి, పౌడరు, ఇవన్నీ అయ్యి జుట్టు ఆరాకే మిషన్ పెట్టాలి. చెవిలో నూనె చుక్కలు పోసే అలవాటును అమ్మమ్మలు, నాయనమ్మలు మానుకోవాలి. అది అచ్చు గొట్టంలో పేరుకుని శబ్దాన్ని ఆపేస్తుంది. కోస్తా ఉక్కపోతలో గొట్టంలో నీటి బిందువులు నిలుస్తాయి. చేతితో నొక్కే చిన్న బ్లోయరుతో ఊది, రాత్రి సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో పెడితే మిషన్ ఎక్కువకాలం వస్తుంది.

పొద్దున పెట్టేముందు తల్లో తండ్రో స్టెతస్కోపు లాంటి గొట్టం తగిలించి మిషన్‌ను తాము వినాలి: గరగర ఉందా, ఆగి ఆగి వస్తోందా. పెట్టాక కెనడాలో పనిచేసిన డేనియల్ లింగ్ రూపొందించిన ఆరు శబ్దాల పరీక్ష చేయవచ్చు. నోరు కనపడకుండా వెనకనుంచి ఆ, ఊ, ఈ, ష్, స్, మ్ అని ఒక్కొక్కటే పలకాలి. చిన్నపిల్లలు తిరిగి చూస్తారు, కాస్త పెద్దవాళ్లు తిరిగి అంటారు. నిన్నటిదాకా ‘స్’కు తిరిగిన పిల్ల ఇవాళ తిరగకపోతే బ్యాటరీనో, గొట్టమో, చెవో చూపించాల్సి ఉంది.

తెలుగులో అచ్చుల హ్రస్వ దీర్ఘాలు, ‘మ’, ‘బ’ వంటివి తక్కువ పౌనఃపున్యాల్లో బలంగా ఉంటాయి కాబట్టి లోపం ఉన్నా ముందుగా పట్టుబడతాయి. ‘త’కూ ‘ట’కూ, ‘ల’కూ ‘ళ’కూ తేడా చెప్పే జాడలు పై పౌనఃపున్యాల్లో ఉంటాయి. వాటిని పిల్ల తారుమారు చేస్తుంటే ఆ సంగతి ఆడియాలజిస్టుకు చెప్పాలి, మిషన్ సెట్టింగుకు అది ఆధారం. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లోని తెలుగు కుటుంబాలకు ‘ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడండి’ అన్న సలహా ఒకప్పుడు ఎక్కువగా వచ్చేది. తల్లికి ధారాళంగా వచ్చిన భాషలోనే బిడ్డతో ఎక్కువ మాట్లాడమని ఇప్పుడు నిపుణులు చెబుతున్నారు. మిషన్ పెట్టుకున్న పిల్లలు రెండు భాషలూ నేర్చుకోగలరు.

మిషన్ చాలనప్పుడు

తీవ్రాతితీవ్ర లోపంలో బలమైన మిషన్లు కొన్ని నెలలు సరిగా వాడినా మాట అందకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ గురించి ఆలోచిస్తారు. శస్త్రచికిత్సతో లోపలి చెవిలో ఎలక్ట్రోడ్లు పెట్టి నరాన్ని నేరుగా ప్రేరేపించే పరికరం అది. చెవి నాళమే మూసుకుపోయి పుట్టిన పిల్లలకు తలకు పట్టీతో కట్టే ఎముక వాహక యంత్రాలు ఉన్నాయి. సైగల భాష నేర్పితే మాట రాదన్న భయం అక్కర్లేదు. ఏ దారిలోనైనా బిడ్డకు భాష అందడమే ముఖ్యం, సైగల భాష సొంత వ్యాకరణమున్న పూర్తి భాష. భారతీయ సైగల భాషకు 2015లో ఢిల్లీలో జాతీయ కేంద్రం ఏర్పడింది.

మిషన్ సరిపోయిన పిల్లలకైనా బడిలో సమస్య దూరం. మాట్లాడే మనిషి రెట్టింపు దూరం వెళ్తే గొంతు ఆరు డెసిబెల్‌ల మేర తగ్గుతుంది, ఫ్యాన్ల హోరు మాత్రం తగ్గదు. టీచరు మెడలో వేసుకునే వైర్‌లెస్ మైకు ఆమె గొంతును నేరుగా మిషన్‌లోకి పంపుతుంది. అది దొరకనిచోట ముందు బెంచీ, బోర్డు వైపు తిరిగి మాట్లాడని టీచరు కొంతవరకు ఆదుకుంటారు.

ఎక్కడికి వెళ్లాలి, ఎవరు భరిస్తారు

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, వినికిడి లోపాల మీద పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ముంబైలో 1983లో ఏర్పడిన ఆ సంస్థకు పేరిచ్చిన అలీ యావర్ జంగ్ హైదరాబాద్ వారే, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. మైసూరులో 1965లో మొదలైన ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ దేశంలో ఆడియాలజీ విద్యకు పెద్ద కేంద్రం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో పిల్లల లోపాలను తొలిదశలో గుర్తించే డీఈఐసీలు ఉన్నాయి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం కింద ఆదాయ పరిమితికి లోబడి మిషన్లు ఇస్తారు. 2014 నాటి నిబంధనల్లో కాక్లియర్ ఇంప్లాంట్‌కు 6 లక్షల రూపాయల దాకా చేర్చారు. 2007లో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకంలో పసిపిల్లల ఇంప్లాంట్లకూ చోటు దొరికింది. వినికిడి యంత్రాల మీద జీఎస్టీ లేదు.

వైకల్య ధ్రువపత్రం దగ్గర మాత్రం ఒక పెద్ద ఖాళీ ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం రెండు చెవుల్లోనూ 70 డెసిబెల్ లోపం ఉంటే బధిరులుగా, 60 నుంచి 70 మధ్య ఉంటే వినికిడి మందగించినవారుగా నిర్వచించింది. 50 డెసిబెల్ లోపమున్న రెండేళ్ల పిల్లకు మామూలు సంభాషణలో చాలా భాగం వినపడదు, మిషన్‌తో బాగా లాభపడేదీ ఆ పిల్లే. ఆ నిర్వచనంలో మాత్రం ఆ పిల్లకు చోటు లేదు. పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకుని గీసినట్టున్న గీత అది. భాష నేర్చే వయసులో ఉన్న పిల్లలకు వేరే గీత గీయాల్సి ఉంది. ఆ గీత ఇంకా మారలేదు కాబట్టి ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు చాలామంది మిషన్లను, అచ్చులను, బ్యాటరీలను సొంత డబ్బుతోనే కొంటున్నారు.